నా తల, నా ఇష్టం: సర్కారు ఎక్కడిదాకా రావచ్చు?

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చకు ఇది అక్షర రూపం. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట ఎవరి గొంతు వినిపిస్తే వాళ్ళ మాటే రాశాం. పాల్గొన్నవారు: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారమూ, సొంతంగా మిర్చి సాగూ ఉన్న ఒక వ్యాపారి; హైకోర్టు న్యాయవాది; రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్; న్యూరో సర్జన్. వ్యాపారి మాటలే ఎక్కువ కనిపిస్తే మేం కోత పెట్టలేదని అర్థం, పెంచామని కాదు.)

యాంకర్: నమస్కారం. హెల్మెట్ లేదని ఆపినందుకు ఒకాయన కానిస్టేబుల్‌తో పెట్టుకున్న గొడవ వీడియో ఈ వారమంతా అందరి ఫోన్లలోనూ తిరిగింది. "పగిలేది నా తల, మధ్యలో నీకేంటి?" అన్నాడాయన. కానిస్టేబుల్ జవాబు చెప్పలేదు, చలానా కొట్టి పంపించాడు. కామెంట్లలో కొందరు ఆయన్ని తిట్టారు, కొందరు దండ వేసినంత పని చేశారు. మనిషి సొంత వ్యవహారంలోకి ప్రభుత్వం ఎక్కడిదాకా రావచ్చు, ఎక్కడ ఆగాలి? ఇదీ ఇవాళ్టి అంశం. అందరికీ సమానంగా అవకాశం ఇస్తాను. ముందు మేడమ్, చట్టం ఏం చెబుతోంది?

న్యాయవాది: మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ అండీ. బండి నడిపేవాళ్ళే కాదు, వెనక కూర్చున్నవాళ్ళు కూడా హెల్మెట్ పెట్టుకోవాలి. 2019 సవరణ తర్వాత నాలుగేళ్ళు దాటిన పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. తలపాగా కట్టుకున్న సిక్కులకు మినహాయింపు ఉంది. ఇక రాజ్యాంగం సంగతికొస్తే—

వ్యాపారి: అదిగో! అక్కడే దొరికిపోయింది చట్టం.

న్యాయవాది: నేనింకా పూర్తి చెయ్యలేదు.

వ్యాపారి: ఒక్క నిమిషం మేడమ్, ఒకే ఒక్క నిమిషం. సర్దార్జీకి మినహాయింపు ఇచ్చారు. మంచిదే, ఆయన నమ్మకం ఆయనది. మరి ఆయనది తల, మాది కొబ్బరికాయా? రోడ్డు మీద పడితే ఎవరిదైనా ఒకటేగా పగిలేది. అంటే ఏంది? నమ్మకం ఉంటే ప్రభుత్వం పక్కకి తప్పుకుంటుంది, ఇష్టం ఉంటే తప్పుకోదు. గుంపుగా అడిగితే హక్కు, ఒక్కడు అడిగితే చలానా. ఈ దేశంలో ఒక్క మనిషికి విలువ లేదండీ. నేను ముప్ఫై ఏళ్ళ నుంచి యార్డులో ఉన్నా. లైసెన్సు, సెస్సు, వే బిల్లు, తూకాల ముద్ర. అన్నిటికీ ఒక కాయితం, ప్రతి కాయితానికీ ఒక బల్ల, బల్ల వెనక ఒక మనిషి, బల్ల కింద ఒక చెయ్యి!

యాంకర్: గట్టి పాయింట్. డాక్టర్ గారూ, పగిలేది నా తలే కదా అంటున్నారు. మీ జవాబు?

డాక్టర్: పగలడం మీ తలే. అతకడం మాత్రం నా పని అవుతోంది. రాత్రి పదకొండు దాటాక ఒక కుర్రాణ్ణి తీసుకొస్తారండీ. ముందు టార్చి వేసి కనుపాపలు చూస్తాం. రెండూ ఒకే సైజులో ఉండి వెలుతురికి ముడుచుకుంటే కాస్త ఊపిరి తీసుకుంటాం. ఒకటి పెద్దదైపోయి కదలకుండా ఉందనుకోండి, లోపల రక్తం చేరి మెదడుని నొక్కుతోందన్నమాట. సీటీ స్కాన్ చేసి, పుర్రె ఎముకలో ఒక ముక్క కోసి తీసి, ఆ రక్తాన్ని తోడెయ్యాలి. మెదడు వాచి ఉంటే ఆ ఎముకని అప్పుడే తిరిగి పెట్టలేం. చాలాసార్లు పొట్ట చర్మం కింద చిన్న సంచీలా చేసి అందులో దాస్తాం. నెలల తర్వాత ఆ మనిషి బతికి మామూలైతే అక్కణ్ణించి తీసి తలకి బిగిస్తాం. ఆ నెలలన్నీ వాళ్ళమ్మ—

యాంకర్: పొట్టలోనా! ఎముకనా?

డాక్టర్: చర్మం కింద. ఆ నెలలన్నీ ఇంట్లో ఎవరో ఒకరు పని మానుకుని కూర్చోవాలి. "నా ఒక్కడి సంగతి" అన్నవాడి సంగతి ఆరుగురి సంగతి అవుతుంది. ఆ రాత్రి వెంటిలేటర్ ఆయనకి పెడితే ఇంకొకరికి ఉండదు.

యాంకర్: దీనికి డబ్బెవరిస్తున్నారు డాక్టర్ గారూ?

డాక్టర్: ఎక్కువ కేసులు ప్రభుత్వ పథకం మీదే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ.

యాంకర్: నేను అడిగేదే ఇది! ఉచితాలు! ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది కాబట్టి మన మీద పెత్తనం చేస్తోందా? అన్నం పెట్టినవాడు నాలుగు మాటలు అంటాడు కదా. ఉచితాలు ఆపేస్తే పెత్తనం కూడా ఆగుతుందా? లెక్చరర్ గారూ.

లెక్చరర్: మీరు అడిగిన తీరు సంగతెలా ఉన్నా ప్రశ్న మాత్రం మంచిది. ఖర్చు నాది కాబట్టి నీ అలవాటు మీద అధికారం నాది అని ప్రభుత్వం అంటే, దానికి అంతెక్కడ? రేపు షుగరు మందులకీ ప్రభుత్వమే ఇస్తోంది కాబట్టి అన్నం కొలిచి పెడతానంటుంది. బీపీకి ఇస్తోంది కాబట్టి ఆవకాయ జాడీకి తాళం వేస్తానంటుంది.

డాక్టర్: ఆవకాయ విషయంలో నేను ప్రభుత్వం పక్షమే.

(నవ్వులు)

లెక్చరర్: లిబర్టేరియన్లు, అంటే మనిషి స్వేచ్ఛే ముందు, ప్రభుత్వం వీలైనంత తక్కువగా ఉండాలి అనేవాళ్ళు, చెప్పేది దీనికి వ్యతిరేకం. ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్‌ని వాళ్ళలో పూర్తిగా కలపలేం గానీ మూలం ఆయన దగ్గరుంది. 1859లో ఆయన చెప్పింది, పక్కవాడికి హాని జరక్కుండా ఆపడానికి తప్ప ఇంకే కారణం మీదా మనిషిని బలవంతపెట్టే హక్కు సమాజానికి లేదని. వాడి మంచికే అన్న కారణం చాలదు. ఒక వంతెన ఉదాహరణ చెబుతాడు. కూలిపోబోయే వంతెన మీదికి ఒకాయన తెలియక వెళుతున్నాడు. చెప్పే వ్యవధి లేదు—

యాంకర్: మన బ్యారేజీ లాంటిది అనుకుందాం.

లెక్చరర్: బ్యారేజీ బాగానే ఉందండీ, జనాన్ని భయపెట్టకండి. అట్లాంటప్పుడు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగినా తప్పులేదు, ఎందుకంటే నీళ్ళలో పడాలని ఆయన కోరుకోవడం లేదు. కానీ ప్రమాదం ఉందని తెలిసి, ఆలోచించుకుని, అయినా వెళతానంటే? హెచ్చరించి వదిలెయ్యాలి. పిల్లలకూ, మతి స్థిమితంలో లేనివాళ్ళకూ ఇది వర్తించదు. కాబట్టి నాలుగేళ్ళ పాపకి హెల్మెట్ అడగడం వేరు, నలభై ఏళ్ళ తండ్రికి—

వ్యాపారి: నేను చెప్పేది కూడా అదే కదా మాస్టారూ. మీరు ఇంగ్లాండు నుంచి తెచ్చారు, నేను గుంటూరు నుంచి తెచ్చా. నా ఒళ్ళు నాది, నా పొలం నాది, నా సరుకు నాది. ప్రభుత్వం తప్పుకోవాలి. అంతే.

లెక్చరర్: అంతే కాదు. 1974లో హార్వర్డ్‌లో ఉన్న తత్వవేత్త రాబర్ట్ నోజిక్—

వ్యాపారి: నోజిక్ గారు యార్డుకి వచ్చాడా?

లెక్చరర్: రాలేదు.

వ్యాపారి: అదీ.

(లెక్చరర్ ఇక్కడ చెప్పబోయినది చాలాసేపటి తర్వాత గానీ చెప్పడం కుదరలేదు.)

న్యాయవాది: నన్ను రాజ్యాంగం దగ్గర ఆపేశారు. మన రాజ్యాంగంలో స్వేచ్ఛ ఉంది, దాని పక్కనే సమంజసమైన ఆంక్షలూ ఉన్నాయి. 19వ అధికరణంలో ఒక చేత్తో వ్యాపార స్వేచ్ఛ ఇచ్చి, ప్రజాహితం కోసం ఆంక్షలు పెట్టే వీలు ప్రభుత్వానికీ ఇచ్చారు. 2017 ఆగస్టులో తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత కూడా ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఇంట్లో ఏం తింటారు, ఎవర్ని ప్రేమిస్తారు అన్నవి మీ సొంతం. కానీ రోడ్డు మీ సొంతం కాదు. లైసెన్సు తీసుకున్న రోజే షరతులు ఒప్పుకున్నారు.

యాంకర్: అమెరికాలో ఎలాగండీ? అక్కడ స్వేచ్ఛ అంటారు కదా.

న్యాయవాది: రాష్ట్రానికో రకం. న్యూ హాంప్‌షైర్‌లో పెద్దవాళ్ళకి హెల్మెట్ తప్పనిసరి కాదు, సీటు బెల్టు కూడా కాదు.

యాంకర్: అక్కడ ఉచితాలు ఉండవు కాబట్టేనా?

న్యాయవాది: దానికీ దీనికీ...

వ్యాపారి: అక్కడిదాకా ఎందుకు, మన రంగా గారు చెప్పలేదా? ఎన్జీ రంగా గారు! నిడుబ్రోలు! మాస్టారూ, మీరు చెప్పండి.

లెక్చరర్: చెబుతాను, మధ్యలో ఆపకండి. 1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్‌లో సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. చిన్న చిన్న కమతాలన్నీ కలిపి ఉమ్మడిగా సాగు చేద్దామని. రంగా గారు రైతుల కోసం నిడుబ్రోలులో పాఠశాల నడిపిన మనిషి. రైతు దగ్గర భూమి పోతే వాడి గొంతు పోతుందని ఆయన వాదన. అదే ఏడాది రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. దానికి మొదటి అధ్యక్షుడు రంగా గారే. లైసెన్సు, పర్మిట్, కోటా రాజ్యం అని రాజాజీ వెటకారం చేసింది ఆ రోజుల్లోనే. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచారు. అంటే ప్రభుత్వానికి హద్దులుండాలన్నది బయటినుంచి దిగుమతైన ఆలోచన అని కొట్టిపారెయ్యడం కుదరదు. గుంటూరు జిల్లా రైతు నోట పలికిన మాట అది.

యాంకర్: గర్వించాల్సిన విషయం!

న్యాయవాది: ఆ తర్వాత రంగా గారు కాంగ్రెస్‌లోకే తిరిగొచ్చారని కూడా చెప్పండి. 1980, 84, 89. మూడుసార్లూ గుంటూరు నుంచి కాంగ్రెస్ ఎంపీ.

వ్యాపారి: పెద్దాయన్ని అనకండి మేడమ్.

న్యాయవాది: నేను అన్నదేముంది? గెలిచారని చెప్పాను.

లెక్చరర్: అసలు దెబ్బ తగిలింది ఆస్తి హక్కుకి. అది మొదట ప్రాథమిక హక్కు. జనతా ప్రభుత్వం 1978లో 44వ సవరణ చేసి దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. ఇప్పుడు 300-ఏ అధికరణం కింద చట్టబద్ధమైన హక్కు మాత్రమే.

న్యాయవాది: రాజ్యాంగబద్ధమైన హక్కు అనండి మాస్టారూ. చట్టం అధికారం లేకుండా ఎవరి ఆస్తీ తీసుకోకూడదు. దాని బలం పూర్తిగా పోలేదు. 2013 భూసేకరణ చట్టంలో ప్రైవేటు కంపెనీకి భూమి కావాలంటే భూమి పోయే కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ఒప్పుకోవాలని ఉంది.

వ్యాపారి: మిగతా 20 శాతం వాళ్ళు మనుషులు కాదా? నూటికి ఎనభై మంది కలిసి మిగతా ఇరవై మంది ఇల్లు అమ్మేస్తే దాన్ని ప్రజాస్వామ్యం అంటారా, దోపిడీ అంటారా?

(ఇది చర్చలో ఆయన అన్న మంచి మాటల్లో ఒకటి. దీని మీద ఎవరూ ఆగలేదు.)

యాంకర్: అమరావతికి వద్దాం. మన పక్కనే ఉంది. అక్కడ జరిగింది స్వేచ్ఛా? బలవంతమా?

లెక్చరర్: రెండూ ఉన్నాయి. రాజధాని కోసం భూసేకరణ కాకుండా భూసమీకరణ అన్నారు, అంటే రైతు తనంతట భూమి ఇస్తే బదులుగా ప్లాట్లు ఇస్తారు. 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా వచ్చింది. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు, అంటే ఏటి పక్క నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి, అయితే వాణిజ్య స్థలం 450 గజాలు. పదేళ్ళపాటు కౌలు. కాగితం మీద చూస్తే ఇది ఒప్పందమే, లిబర్టేరియన్ మెచ్చుకోవాల్సిన పద్ధతే. కానీ ఇవ్వకపోతే సేకరణ చట్టం ఉందిగా అనే మాట వెనకాల వేలాడుతుంటే ఆ సంతకం ఎంతవరకు ఇష్టపడి పెట్టినట్టు? ఉండవల్లి, పెనుమాకల్లో కొందరు రైతులు ఇవ్వలేదు. వాళ్ళకి ఎన్ని నిద్రలేని రాత్రులు—

వ్యాపారి: జరీబు భూములండీ అవి! మూడు పంటలు! అరటి, కంద, పసుపు!

న్యాయవాది: ఇచ్చినవాళ్ళ బాధ ఇంకో రకం. ప్రభుత్వం మారాక ఒప్పందం గాల్లో వేలాడింది. 2022 మార్చిలో హైకోర్టు, ఇచ్చిన మాట ప్రకారం రాజధాని కట్టాల్సిందే, ప్లాట్లు ఇవ్వాల్సిందే అని తీర్పు చెప్పింది. అందులో పెట్టిన గడువుల మీద ఆ ఏడాదే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

లెక్చరర్: ఇక్కడే నోజిక్ చెప్పింది పనికొస్తుంది. ఇప్పుడైనా చెప్పనివ్వండి. ప్రభుత్వమే వద్దని ఆయన అనలేదు. దెబ్బలాట, దొంగతనం, మోసం నుంచి కాపాడటం, ఒప్పందాలు అమలు చేయించడం, ఇంతవరకే ప్రభుత్వం అన్నాడు. ఇది దాటితే ఎవరో ఒకరి హక్కు తొక్కినట్టే. సంపాదన మీద పన్ను కూడా వెట్టిచాకిరీతో సమానమన్నాడు. ఆ లెక్కన ఒప్పందం తప్పిన ప్రభుత్వం, ఒప్పందం తప్పిన వ్యాపారి ఒకే బోనులో నిలబడాలి. ప్రభుత్వాన్ని తగ్గించమంటే కోర్టుని తగ్గించమని కాదు. మన దగ్గర దీన్ని తిరగేసి చేస్తాం. కోర్టుల్లో జడ్జీలు ఉండరు గానీ—

యాంకర్: పన్ను వెట్టిచాకిరీ అన్నాడా! అంటే మన పన్నులతో ఉచితాలు పంచడం—

న్యాయవాది: మళ్ళీ అక్కడికే వచ్చారా?

యాంకర్: ప్రజలు అడుగుతున్నారు మేడమ్.

న్యాయవాది: ఏ ప్రజలు? మీరే అడుగుతున్నారు.

యాంకర్: లైన్లో ప్రజలే ఉన్నారు. మంగళగిరి నుంచి కాలర్, చెప్పండి.

కాలర్: నమస్తే అండీ. టీవీ సౌండ్ తగ్గించాను. మా పక్కింటాయన బజారులోకి మూడడుగులు ముందుకొచ్చి మెట్లు కట్టాడండీ. ఆటో తిరగట్లేదు. కంప్లయింట్ ఇచ్చాం, మళ్ళీ ఇచ్చాం, ఎవరూ రాలేదు. ప్రభుత్వం అన్నిట్లో దూరిపోతోంది అంటున్నారు మీరంతా. మా వీధిలోకి ఒక్కసారి దూరమని చెప్పండి సార్.

(నవ్వులు)

వ్యాపారి: బాబూ, ఆయన స్థలంలో ఆయన కట్టుకున్నాడేమో చూడు ముందు.

కాలర్: కాదండీ, బజారు.

వ్యాపారి: బజారు ఎవరిది? ప్రభుత్వానిది. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. అందుకే ఇట్టా తయారవుతుంది. అదే ఎవరో ఒకరి సొంతమైతే—

లెక్చరర్: ఈ మాటకి సిద్ధాంతంలో చోటుంది.

కాలర్: మెట్ల సంగతి చెప్పండి సార్.

యాంకర్: మీ సమస్య మా దృష్టికి వచ్చింది. చిన్న విరామం.

(విరామం తర్వాత)

యాంకర్: తిరిగి స్వాగతం. మేడమ్, విరామంలో మీరు మందు సంగతి అన్నారు.

న్యాయవాది: అన్నాను. స్వేచ్ఛ అంటే ఎప్పుడూ మగాడి స్వేచ్ఛే గుర్తొస్తోంది ఇక్కడ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగారు. వాళ్ళు ప్రభుత్వాన్ని పక్కకి తప్పుకోమనలేదు. వచ్చి ఆపమన్నారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. మీ మిల్ గారి లెక్కలో తాగడం తాగినవాడి సొంత వ్యవహారం. ఆ సొంత వ్యవహారానికి పుస్తెలు కుదువకి పోయేవి ఎవరివి?

లెక్చరర్: పెళ్ళాన్ని కొట్టడం నేరం, పిల్లల తిండి డబ్బు ఎగ్గొట్టడం తప్పు. వాటికి గట్టిగా శిక్ష వెయ్యమంటారు ఆయన. తాగి ఇల్లు గుల్ల చేసేవాడికి మినహాయింపు ఇవ్వలేదు. తాగడం మాత్రమే నేరం చెయ్యొద్దంటున్నాడు.

న్యాయవాది: కొట్టాక కేసు పెట్టాలంటే ఆవిడ స్టేషన్ దాకా వెళ్ళగలగాలి. వెళ్ళినా మళ్ళీ ఆ ఇంటికే రావాలి. మీ సూత్రంలో ఆ దారి ఖర్చులు లేవు మాస్టారూ.

లెక్చరర్: అది... కాదనలేను. అయితే నిషేధం రెండేళ్ళకే పోయింది. 1997లో ఎత్తేశారు. ఎందుకు? జనం మంచి మారిపోయిందా? ఖజానా ఖాళీ అయింది. ఆ తర్వాత 2019 నుంచి అయిదేళ్ళు ప్రభుత్వమే దుకాణం తెరిచి అమ్మింది. 2024 అక్టోబరు నుంచి మళ్ళీ ప్రైవేటు దుకాణాలు. నీ మంచి కోరుతున్నానని చెప్పే ప్రభుత్వం, నువ్వు చెడితే వచ్చే ఆదాయం మీద బతుకుతుంటే దాని పెద్దరికాన్ని నేను నమ్మాలా?

వ్యాపారి: మందు వేరండీ! మందు ఆపాల్సిందే.

డాక్టర్: అదేంటి? మీ ఒళ్ళు మీది, మీ ఇష్టం మీది అన్నారు ఇందాక.

వ్యాపారి: మా హమాలీలు పొద్దున్నే తాగొస్తే టిక్కీలు, మిర్చి బస్తాలు ఎవరు మోస్తారు? నేను చెప్పేది వ్యాపార స్వేచ్ఛ. తాగుడు స్వేచ్ఛ కాదు.

లెక్చరర్: అయ్యా, మీరు నా పక్షం కాదు, దయచేసి నా పక్షాన మాట్లాడకండి.

వ్యాపారి: మీ పక్షాన నేనే గదా గట్టిగా మాట్లాడుతోంది!

యాంకర్: నిజమే మాస్టారూ, అన్నగారు లేకపోతే మీ వాదన ఈపాటికి నలిగిపోయేది.

న్యాయవాది: యాంకర్ గారూ, మీరు ఎవరి పక్షం?

యాంకర్: నేను మధ్యలో ఉన్నాను.

న్యాయవాది: సరే, మధ్యలో ఉన్న మీరు ఆయన్ని ఒక ప్రశ్న అడగండి. మీరడగరు, నేనే అడుగుతా. 2025 మొదట్లో యార్డులో మిర్చి ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ప్రభుత్వం పక్కకి తప్పుకోవాలన్న మీరు ఆ రోజు ఏమన్నారు? జోక్యం వద్దన్నారా?

వ్యాపారి: అది చాలదన్నా!

(అందరూ ఒకేసారి. దాదాపు అర నిమిషం ఏదీ స్పష్టంగా లేదు.)

వ్యాపారి: వినండి, వినండి. నవ్వితే కాదు. కోత కూలీ ఎంతో తెలుసా? ఒక్కో కాయ చేత్తో కోయాలి, మిషను లేదు. కోసి కళ్ళంలో ఎండబెట్టి, తాలు ఏరి, యార్డుకి తెస్తే అక్కడ రేటు లేదు. కోల్డ్ స్టోరేజీలో పెడదామంటే అద్దె, ఆ సరుకు మీద అప్పు, అప్పుకి వడ్డీ. నేను కొన్న ప్రతి సంచీ ఎరువు మీద, ప్రతి లీటరు డీజిల్ మీద పన్ను కట్టా. నా జేబులోంచి తీసుకున్నది నాకు తిరిగిమ్మన్నా. అది ఉచితం కాదు, నా బాకీ వసూలు. రైతుకిస్తే జోక్యం, ఫ్యాక్టరీకి ఎకరం రూపాయికిస్తే ప్రోత్సాహకమా?

లెక్చరర్: చిత్రంగా అమెరికా రచయిత్రి ఐన్ రాండ్ కూడా ఇలాంటి వాదనే చేసింది. 1960ల్లో. ప్రభుత్వ సాయాన్ని వ్యతిరేకించేవాడు అది తీసుకోవచ్చు, తన దగ్గర లాక్కున్నది తిరిగి రాబట్టుకున్నట్టు లెక్క వేసుకోవచ్చు అని.

యాంకర్: చూశారా! అన్నగారిది అమెరికా స్థాయి ఆలోచన.

లెక్చరర్: కానీ ఆవిడ ఒక షరతు పెట్టింది. ఆ సాయాన్ని సూత్రంగా సమర్థించకూడదు, వ్యతిరేకిస్తూనే తీసుకోవాలి. మీరేమో చాలదంటున్నారు, ఇంకా పెంచమంటున్నారు.

వ్యాపారి: వ్యతిరేకిస్తూనే పెంచమంటున్నా.

డాక్టర్: నేను ఒక్క మాట అంటాను. ఇంతవరకు నాకు రెండుసార్లే వచ్చింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో మన విజయవాడ సింగ్‌నగర్ నీళ్ళలో ఉంది. బుడమేరు వాగు గట్లు తెగాయి. మేడ మీదికెక్కిన వాళ్ళకి పడవలు చాలక డ్రోన్లతో అన్నం పొట్లాలు, మందులు పంపారు. ఇన్సులిన్ అయిపోయినవాళ్ళు, డయాలసిస్ ఉన్నవాళ్ళు... ఆ రోజు ఎవరూ ప్రభుత్వాన్ని హద్దుల్లో ఉండమనలేదు. ఇంత ఆలస్యమా అని తిట్టారు.

లెక్చరర్: నిజం. దానికి అవతలి పక్క కూడా చూడండి. వాగు పొడుగునా ఆక్రమించి కట్టినవాళ్ళ ఇళ్ళకి కరెంటు మీటరు, నీటి పంపు, ఇంటి పన్ను రశీదు ఇచ్చిందెవరు? సొంత ఆస్తిని గట్టిగా నమ్మేవాడు వాగు దారిలో కట్టిన గోడని ఒప్పుకోడు. అది పైనున్నవాడి ఇంట్లోకి నీళ్ళు తోలడమే. పక్కవాడికి హాని.

న్యాయవాది: ఆ గోడ కూల్చేది ఎవరు?

లెక్చరర్: కోర్టు ఆర్డరుతో ప్రభుత్వం.

న్యాయవాది: మరి కూల్చిన ఇంట్లో నిరుపేద ఉంటే? స్థలం అమ్మి సొమ్ము చేసుకున్నవాడు ఎప్పుడో హైదరాబాద్ పోయాడు. నోటీసు ఉన్నవాడికే అంటుకుంటుంది.

వ్యాపారి: బుడమేరు సంగతి నేను చెబుతా. మా బావమరిది గోడౌను మునిగింది అక్కడ. గట్లు కట్టడం ప్రభుత్వం పని! పూడిక తియ్యడం ప్రభుత్వం పని! ఎందుకు తియ్యలేదు? హెల్మెట్ల మీద చూపించే శ్రద్ధ గట్ల మీద చూపించరే?

యాంకర్: అద్భుతం. ఉచితాలకి పెట్టే డబ్బు గట్లకి పెడితే—

న్యాయవాది: వరదలో పంచిన అన్నం పొట్లం ఉచితం కాదా మీ లెక్కలో?

యాంకర్: సమయం దగ్గరపడుతోంది మేడమ్. స్క్రీన్ మీద మా పోల్ ప్రశ్న ఉంది. "ఉచితాల వల్లే ప్రభుత్వ పెత్తనం పెరిగిందా? అవును, కాదు." ఓటు వెయ్యండి.

డాక్టర్: అంశం హెల్మెట్ కదండీ?

యాంకర్: దాంట్లోంచే వచ్చింది సార్. చివరగా వ్యాపారి గారూ, ఒక్క మాటలో. ప్రభుత్వం ఏం చెయ్యాలి?

న్యాయవాది: చివరి మాట కూడా ఆయనకేనా?

యాంకర్: ఒక్క మాటే.

వ్యాపారి: ఒక్క మాట కాదు, మూడు పనులు. పోలీసు, కోర్టు, రోడ్డు. ఈ మూడూ చేసి ఇంటికి పోవాలి ప్రభుత్వం. గట్లు కూడా చెయ్యాలి, ఇందాక చెప్పినట్టు. మందు ఆపాలి. యార్డులో రేటు పడితే రేటు నిలబెట్టాలి, అది మానకూడదు. గుంటూరు ఛానల్ కాలువ పొడిగించాలి, ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్నాం...

లెక్చరర్: ఇంక మిగిలిందేంటండీ, హెల్మెట్ ఒక్కటేగా!

వ్యాపారి: అదే గదా నేను చెప్పేది, హెల్మెట్ ఒక్కటి వదిలెయ్యమంటున్నా! ఇంకోటి, కోల్డ్ స్టోరేజీలకి కరెంటు రేటు—

(ఇక్కడ తొమ్మిది గంటల వార్తలు మొదలయ్యాయి.)